వేరే పెట్టిన నలుగు గిన్నె

మా ఇంట్లో ఏడుగురం. దండెం మీద ఏడు తువ్వాళ్లు ఉండాలి. ఉగాది మరునాడు చూస్తే ఆరే ఉన్నాయి. ఏడోది పెరటి గోడకు, మేకుకు వేలాడుతోంది. అది నా పెద్దకొడుకు కూతురిది. అప్పటికి రెండు నెలలుగా దాని మొహం నిండా ఎర్రటి మొటిమలు.

తువ్వాలు ఎవరు మార్చారని నేను అడగలేదు. చిన్న కోడలి మీద కన్నేసి ఉంచాను. వైశాఖంలో ఆమె కూతురి పెండ్లి. మా ఇళ్లలో పెండ్లికూతురి బుగ్గలకు మొదట నలుగు పెట్టేది చెల్లెలే. ఆ పని తనదేనని ఈ పిల్ల చిన్నప్పటి నుంచి చెప్పుకుంటోంది. చిన్న కోడలు దాన్ని పిలిచి, నలుగు నాడు నువ్వు ఫోన్లో వీడియో తీస్తే చాలమ్మా అని మెత్తగా చెప్పిందట. ఆ రాత్రి పిల్ల మాతో కూర్చుని తినలేదు.

చిన్న కోడలిని నిలదీశాను. మాది ఎమ్మిగనూరులో మగ్గాల ఇల్లు. ఆమె లెక్కంతా పడుగు నూలుకు పట్టించే గంజి లెక్కే.

"పులిసిన గంజి చుక్క పడితే కుండంతా చెడిపోతాది అత్తా. నా కూతురి మొహం గూడా అట్లే అయితే?"

కాదనడానికి నాకూ ధైర్యం లేదు. పిల్లను బస్సులో ఆదోనికి, చర్మ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఇది అంటుతుందా అని అడిగాను. అంటదంది. జవాబు మారుతుందేమోనని వేరే మాటల్లో మళ్లీ అడిగాను. మారలేదు. మొటిమలో ఉండే సూక్ష్మజీవి అందరి చర్మం మీదా ఉండేదేనట, నా బుగ్గ మీద కూడా. ఈ వయసులో నూనె ఎక్కువగా ఊరుతుంది, చచ్చిన చర్మ కణాలు రంధ్రం నోటిని మూసేస్తాయి. గాలి ఆడని ఆ లోపల అది పెరుగుతుంది. ఒంట్లోని కాపలా కణాలు దాన్ని శత్రువనుకుని మీద పడితే ఆ చోటు వాచి ఎర్రబడుతుంది. అదే మొటిమ అని చెప్పి, పూసుకోవడానికి మందు రాసిచ్చింది.

ఇంటికొచ్చి చిన్న కోడలిని అడిగాను. "మూత పెట్టి రెండు దినాలు ఉంచితే గంజి పులుస్తాది గదా. ఆ పులుపు ఎవరు తెచ్చి ఏసినారు?"

"ఎవరు ఏస్తారు? దాంట్లోనే ఉంటాది."

"ఈ పిల్ల మొహంలోనూ అంతే. మూత పడింది. నీ మొహం మీదా ఉండాది, మూత పడలేదు."

ఆమె కొంగుతో చెంప తుడుచుకుంది.

అయినా నలుగు నాడు రెండు గిన్నెలు కనబడ్డాయి. ఈ పిల్ల పూసుకోవడానికని వేరే తీసిన చిన్నది మూలన, పీటకు దూరంగా ఉంది. పెండ్లికూతురు దాన్ని చూసింది, ఫోను పట్టుకుని నిలబడ్డ చెల్లెలిని చూసింది.

"ఆ ఫోను ఆడ పెట్టి రాయే. నువ్వు పెట్టకుంటే నేను ఈ పీట మీద నుంచి లేసేది లేదు."

పిల్ల కదల్లేదు, పిన్ని వైపు చూసింది. పిన్ని నా వైపు చూసింది. నేను లేచి చిన్న గిన్నెలోని పిండిని పెద్ద గిన్నెలో కలిపేశాను. పిల్ల వచ్చి అక్క రెండు బుగ్గలకూ నలుగు పెట్టింది.

పదహారు రోజుల పండుగకు పెండ్లికూతురు వచ్చినప్పుడు గడపలో, వెలుతురులో నిలబెట్టి దాని గడ్డం పైకెత్తాను. రెండు బుగ్గలూ నున్నగా ఉన్నాయి. వెనక నా భుజం మీదుగా చిన్న కోడలి ఊపిరి తగిలింది.

"ఏం చూస్తాండావు అత్తా?" అంది.

"నువ్వు చూసేదే" అన్నాను.