లప్పం పెట్టిన పలక

గార్లలో రంగుల ఎల్లేశ్‌ను ఎరగని వాకిలి లేదు. పనిమంతుడే, కాదనలేం. ఒక్కటే జబ్బు. ఎవరేం అడిగినా “అయితది, నేను లేనా” అనేస్తాడు. నోటికి అడ్డూ అదుపూ ఉంటే కదా!

గట్టమ్మవ్వకూ అలాగే మాటిచ్చాడు. ఆమె మనుమరాలు రిషిత పెండ్లి దగ్గరపడింది. ఇంటి ముందు అరుగు వెనక గోడకు బదులు టేకు పలకలు నిలబెట్టి ఉంటాయి, ఆమె పెనిమిటి బిగించినవి. ఎండకు పగిలి, వానకు నల్లబడిన ఆ పలకలను బాగుచేసి రంగు వెయ్యాలి. పాత రంగు గీకుతుంటే, అవ్వ రోజూ వీపు ఆనించి కూర్చునే చోట ఉలి మెత్తగా లోపలికి దిగిపోయింది. పలక పుచ్చిపోయింది. కొత్తది కోయించి తెస్తే పెండ్లినాటికి పని తెమలదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు మహానుభావుడికి! రంపపు పొట్టు లప్పంలో కలిపి ఆ పుచ్చులో కూరాడు, నున్నగా రుద్దాడు, పైన రంగేశాడు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

పందిరి వేసే ముందు, ఇంటికి పనిచేసినవాళ్లకు బట్టలు పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ. గట్టమ్మ ఎల్లేశ్‌ను పీట మీద కూర్చోబెట్టి, బొట్టు పెట్టి, కొత్త పంచె, తువ్వాల చేతిలో పెట్టింది. తన ఇల్లు నిలబెట్టింది ఇతనే అని చుట్టాలందరికీ చూపించి మురిసిపోయింది. ఎల్లేశ్ తల ఎత్తలేదు. బిడియమనుకున్నారు. బిడియమా పాడా, సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఆ పంచె ఇంట్లో దండెం మీదే ఉండిపోయింది. ఎందుకు కట్టుకోలేదని భార్య అండాలు అడిగితే కసురుకున్నాడు.

మొదటి పెద్దవాన పడిన మర్నాడు కాలు నిలవక అవ్వ ఉండే వాడకు పోయాడు. గట్టమ్మ అరుగు మీద ముడుచుకుని కూర్చుంది. వెనక పలక మీద పాత చీర వేలాడుతోంది. అతన్ని చూడగానే ముసలమ్మ ముఖం చిన్నబోయింది. లేచి చీర పక్కకు తీసింది. పలక మధ్యలో తలకాయ పట్టేంత బొక్క.

“నేనే ఒరిగి ఇరగ్గొట్టిన కొడుకా. నువ్వు పానం పెట్టి చేసినవు. నీకు ముఖమెట్ల సూపియ్యాల్నో తెల్వక చీర కప్పిన.”

ఎక్కడ ఒరగాలో కూడా తెలియని వయసొచ్చిందని పక్కింటి మనోరమ ముసలమ్మను దెప్పింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఎల్లేశ్ గట్టెక్కినట్టే. తప్పంతా ముసలమ్మ నెత్తిన పడుతుంది, తన పేరు తనకుంటుంది. కానీ ఆమె తన ముందు తప్పుచేసినదానిలా నిలబడి ఉంటే అతను చూడలేకపోయాడు. బొక్క అంచున గోటితో గీకి, రాలిన ముద్దను ఆమె అరచేతిలో పెట్టాడు.

“అవ్వా, గిది కట్టె కాదు, లప్పం. పలక పుచ్చిందని నాకప్పుడే ఎరుక.”

గట్టమ్మ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“మరి ఆ దినం పీట మీద ఎట్ల కూసున్నవు కొడుకా?”

మనోరమ చూస్తుండగానే ఎల్లేశ్ మోకాళ్ల మీద కూర్చుని, మిగిలిన లప్పాన్ని చేత్తోనే పెకలించడం మొదలుపెట్టాడు.