పచ్చ బకెట్‌లో బఠానీ తొక్కలు

మా గల్లీలో ఆడవాళ్లు ఒకరినొకరు "బాగున్నవా?" అని అడగరు. "ఏం కూర?" అని అడుగుతారు. మంచీ చెడూ అంతా అందులోనే వచ్చేస్తుంది. మటన్ అంటే చుట్టాలొచ్చారని, ఉత్త పప్పు అంటే నెలాఖరని, "ఇంకా పొయ్యి ముట్టియ్యలే" అంటే మొగుడితో లొల్లి అయిందని అర్థం. ఛత్రినాకకు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ ప్రశ్నకు నేను తడుముకోకుండా జవాబు చెప్పేదాన్ని. ఇంట్లో కారం మెతుకులు ఉన్న రోజున కూడా వంకాయ అని చెప్పి దాటేసేదాన్ని. ఎవరొచ్చి గిన్నె మూత తీసి చూస్తారు గనుక?

చెత్త ఎత్తే మున్సిపాలిటీ వాళ్లు, మా దిక్కు బల్దియా అంటాం, ఆ పని మొదలుపెట్టారు. ఇంటింటికీ రెండు బకెట్లు ఇచ్చారు. తడి చెత్త ఆకుపచ్చ దాంట్లో, పొడి చెత్త నీలం దాంట్లో వేయాలి. తడి చెత్తను ఎరువు చేస్తారట. మొదట్లో నాకూ నచ్చింది. అంతకుముందు అన్నీ ఒకే కవర్లో మూటగట్టి గల్లీ మూల మీద విసిరేసేవాళ్లం. కుక్కలు వాటిని పీకి మన ఇంటి ముందుకే తెచ్చిపెట్టేవి. ఇప్పుడు పొద్దున్నే ఆటో పాట పెట్టుకుని వచ్చి గల్లీ మొదట్లో ఆగుతుంది. అందరం బకెట్లు పట్టుకుని వరసలో నిలబడాలి. బండి మీద వచ్చే ఆమె మూత తీసి, చేత్తో కెలికి చూసి, కలిపి తెచ్చినవాళ్లను అక్కడే నలుగురిలో కడిగేసేది. మనసు చెడ్డది కాదు గానీ గొంతు మాత్రం మైకు అక్కర్లేని గొంతు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆయన పని పోయింది. ఛత్తాబజార్‌లో పెళ్లి కార్డులు అచ్చువేసే ప్రెస్సులో ఆయన మిషన్ నడిపేవాడు. పిలుపులన్నీ ఫోన్లలోకి వెళ్లిపోయాక కార్డులు ఎవరికి కావాలి? ప్రెస్సు మూసేశారు. ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. బహదూర్‌పురాలో కాపురం చేసుకుంటున్న కూతురికి కూడా చెప్పలేదు. ఆయన రోజూ ఎప్పటి వేళకే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరేవాడు. ఫ్లెక్సీలు కొట్టే దుకాణాల చుట్టూ పని కోసం తిరిగి, ఎప్పటి వేళకే ఇల్లు చేరేవాడు. నేను గుమ్మంలో నిలబడి, నలుగురూ వినేట్టు "జర జల్ది రా" అని సాగనంపేదాన్ని. నాటకం ఇద్దరం బాగానే ఆడాం.

ఇంట్లో రేషన్ బియ్యం ఉండేవి. నేను చీరలకు ఫాల్స్ కుడితే వచ్చే నాలుగు పైసలు పాలకు, కరెంటుకే సరిపోయేవి. కూరగాయల సంచీ మాత్రం గోడకు వేలాడుతూనే ఉండేది. రోజూ పచ్చిపులుసు. చింతపండు నానబెట్టి పిసకడం, ఉల్లిపాయ ముక్కలు రెండు వేయడం, అన్నంలో పోసుకోవడం. నాకు పచ్చిపులుసంటే ఇష్టమే, కానీ దానికీ ఒక హద్దు ఉంటుంది కదా.

ఒక పొద్దున వరసలో నా వంతు వచ్చింది. బండి ఆమె పచ్చ బకెట్ మూత తీసి నా మొహం చూసింది.

"ఏందక్కా, రోజూ గీ చింతపండు పిప్పి, చాయ్‌పత్తేనా? కూరగాయల పొట్టు ఏడ పారేస్తున్నవ్? మోరీల పోస్తున్నవా ఏంది?"

వరసంతా నా వైపు తిరిగింది. నా వెనకే ఎదురింటి సాయిబుల పెద్దామె, గల్లీ అంతా ఖాలా అని పిలిచే ఆమె, ఉంది. వాళ్ల బకెట్ బరువుకు ఆమె చెయ్యి వంగిపోతోంది. ఆ క్షణంలో నాకు రెండే దారులు కనిపించాయి. మా ఇంట్లో కూరగాయలు లేవని చెప్పడం, లేదా మోరీలో చెత్త పోసే దాన్నని ఒప్పుకోవడం.

"తప్పయింది, రేపటి సంది బకెట్లనే ఏస్త" అన్నాను.

మోరీ ఎప్పుడు నిండి పొంగినా ఇక నా పేరే చెప్పుకుంటారని తెలుసు. అయినా ఆ మాటే నాకు తేలిగ్గా అనిపించింది. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక సిగ్గుతో చెవులు కాలిపోయాయి. సిగ్గు ఎందుకంటే చెప్పలేను, లేనందుకో, అబద్ధానికో, ఖాలా బకెట్ చూసి నోరూరినందుకో.

మాట ఇచ్చాను కాబట్టి మర్నాటికి పొట్టు కావాలి. సాయంత్రం కూరగాయల మార్కెట్‌కు వెళ్లాను. గోబీ ఆకులు, ముల్లంగి ఆకులు, బఠానీ తొక్కలు ఒక పక్కన కుప్పగా పడి ఉన్నాయి. కొంగు సర్దుకుంటూ వంగి, గబగబా సంచీలోకి ఎత్తుకున్నాను. బఠానీలు ఒలుస్తున్న ముసలామె తలెత్తింది.

"మేకకా బిడ్డా?"

"అవునమ్మా, మేకకే."

అలా నాకు మేక కూడా వచ్చింది. పాపం ఆమె రోజూ నా కోసం తొక్కలు తీసి పక్కన పెట్టేది, "మంచిగ తింటున్నదా?" అని అడిగేది. మస్తు తింటున్నదని చెప్పేదాన్ని. ఒకసారి ఈనబోతోందా అని అడిగితే, ఇంకా టైముందని చెప్పాను. నా నోరు పడిపోను.

తెచ్చినవాటిని ఆయన ఇల్లు చేరకముందే తరిగి, నిజంగా వంట చేసినట్టే చింతపండు పిప్పి మీద పరిచేదాన్ని. గోబీ కాడలు కత్తిపీటతో కోయకపోతే పసిగడతారేమోనని భయం. గల్లీలో నా పరువు పెరిగింది. ఖాలా ఒకరోజు బకెట్‌లోకి తొంగి చూసి, "ఆజ్ మటర్ గోబీ? మాషా అల్లా" అంది. బండి ఆమె నా బకెట్ ఎత్తి వరసలో వాళ్లకు చూపించింది, చెత్త ఇట్లా విడదీయాలని. అందరి ముందు తల దించుకున్నాను. అణకువ అనుకుని ఉంటారు.

ఆయన బండి రాకముందే వెళ్లిపోయేవాడు కాబట్టి ఇదేదీ ఆయన కంట పడలేదు. పడుతుందన్న ఆలోచన కూడా నాకు రాలేదు. నా భయమంతా గల్లీ గురించే.

తర్వాత నాకు జ్వరం వచ్చింది. లేవలేకపోయాను. ఆ పొద్దున నన్ను చూసుకోవడానికి ఆగిపోయిన ఆయనే, పాట వినబడగానే బకెట్లు తీసుకుని బయటికి నడిచాడు. వద్దని పిలిచేలోపే గుమ్మం దాటేశాడు. పరదా అవతల నుంచి బండి ఆమె గొంతు మంచం దాకా వచ్చింది.

"అక్కకు పానం బాగలేదా అన్నా? గల్లీల అందరికన్న మంచిగ మీ ఇంట్లకెల్లే వస్తది చెత్త. సూడు, బఠానీలు, గోబీ, ముల్లంగి... మస్తు తింటరన్నా మీరు!"

ఎవరో నవ్వారు. ఆయన ఖాళీ బకెట్‌తో లోపలికి వచ్చి, నల్లా కింద పెట్టి చాలాసేపు కడిగాడు. నాకు గోలీ, నీళ్లు ఇచ్చాడు. నుదురు మీద చెయ్యి వేసి చూశాడు. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. అరిచి ఉంటే బాగుండేది. మా ఆయన అరిచే మనిషి కాదు, అదే వచ్చిన చిక్కు.

జ్వరం తగ్గి నేను మళ్లీ పొయ్యి దగ్గరికి వచ్చిన సాయంత్రం ఆయన కంచం ముందు కూర్చున్నాడు. అన్నం పెట్టి పచ్చిపులుసు పోశాను. కలుపుకుంటూ, తలెత్తకుండా అన్నాడు.

"పగటీలి నువ్వు వండుకున్న దాంట్ల ఏమన్న మిగిల్తే, జర నాకు గూడ తీసిపెట్టరాదు?"

మొదట నాకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గరిటె గిన్నెలో పెట్టేశాను. నేను చీరలకు ఫాల్స్ కుట్టిన పైసలతో కూరగాయలు తెచ్చుకుని, ఆయన వెళ్లాక ఒక్కదాన్నే వండుకు తింటున్నానని అనుకున్నాడు. తనకు పచ్చిపులుసు డబ్బా కట్టిచ్చి పంపి. అడిగిన తీరులో కోపం లేదు. పక్కింట్లో చక్కెర అప్పు అడిగినట్టు అడిగాడు.

అవి మనవి కావు, మార్కెట్‌లో ఏరుకొచ్చినవి అని ఒక్క మాట చెబితే అయిపోయేది. చెబితే ఆయన బాధపడతాడని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది ఉత్త మాట. కుప్ప మీద వంగి తొక్కలు ఏరే ఆడదానిగా ఆయన కళ్లలో నిలబడలేకపోయాను. దానికన్నా మొగుడికి పెట్టకుండా తినే పెళ్లామే నయమనుకున్నాను. అంత అధ్వానంగా ఉంది నా లెక్క.

"రేపు పెడత" అన్నాను.

మర్నాడు పాల ప్యాకెట్ మానేసి బఠానీలు కొన్నాను. ఉన్న కాస్త నూనె వేసి కూర వండాను. ఆయన నెమ్మదిగా, మెతుకు వదలకుండా తిన్నాడు. గిన్నె ఆయన వైపు జరిపితే నా వైపు తోశాడు.

"గిట్లనే వండుకుంటవా రోజూ?"

అవునన్నట్టు తలూపాను.

"తిను. నేను గింత సంపాయించలేకపోతున్న, నువ్వన్న తిను. నాకేం ఫికర్ లేదు" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ, "గని తలుపేసుకోని తినకు" అన్నాడు.

సరేనని చెప్పి, ఆయన కంచం తీసుకుని కడగడానికి లేచాను.