అత్త చేతి కింద చెయ్యి

మా మేనత్త, మంత్రసాని బసీలియా చేత పొట్ట పట్టించుకోని గర్భిణి మా ఊళ్లో ఉండేది కాదు. నెలకోసారి వెళ్లి ఆమె వల ఉయ్యాలలో పడుకుంటే, గోరువెచ్చటి నూనె రాసి, మెల్లగా నిమురుతూ, లోపలి బిడ్డతో మా మాయా తెగ భాషలో కబుర్లు చెప్పేది.

నా భార్య నిదెల్వియాకు మాత్రం కుదరలేదు. ఆమెకు కితకితలు. అత్త వేలు ఆనితే చాలు, కిలకిలమంటూ ముడుచుకుపోయేది. ఉయ్యాల కట్టిన దూలం కిర్రుమనేది.

"అమ్మాయ్, ఇంకా చెయ్యే వెయ్యలేదు!"

"వేస్తావని తెలుసుగా అత్తా!"

"మీ పెళ్లిలో మావాడి కోటు చూసి కూడా నేనింత నవ్వలేదే!"

ఎనిమిదో నెలలో అది నవ్వులాట కాకుండా పోయింది. బిడ్డ అడ్డంగా ఉంది. తిరగకపోతే మెరీదా పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పింది. నిదెల్వియాకు కోత అంటే హడల్. వాళ్లక్కకు ఆ కోత మానడానికి ఏడాది పట్టింది. "బసీలియా చేత పొట్ట పట్టించుకో, నొప్పి పుడితే ఆపించెయ్యి" అని కూడా డాక్టరమ్మే అంది.

ఆ సోమవారం అత్త తనే వచ్చింది, నల్లచిక్కుళ్లు, పందిమాంసం ఉడికించిన గిన్నె పట్టుకుని. సోమవారం మా వైపు అందరి పొయ్యి మీదా అదే. చెయ్యి వేసింది. నిదెల్వియా నవ్వి నవ్వి, చివరికి ఏడ్చేసింది.

"నవ్వు నాది కాదత్తా, ఆపుకోలేకపోతున్నా."

అత్త చేతికంటిన నూనె తుడుచుకుంది. "నిన్ను నువ్వు గోక్కుంటే కితకితలు పుడతాయా?"

"ఎందుకు పుడతాయి?"

"అయితే నీ చేతులే పెట్టు."

నిదెల్వియా అరచేతులు పొట్ట మీద, వాటి మీద అత్త చేతులు. నవ్వు రాలేదు!

"ఈ గుండ్రంగా తగిలేది తల. తొయ్యకు, బతిమాలు. రా తల్లీ, దారి ఇటు!"

అలా రోజూ సాయంత్రం అత్త పొట్ట పట్టింది. ఒక శుక్రవారం పొట్ట గోతంలో పిల్లిలా పొర్లింది. నా చేతిలో కప్పు జారిపోయింది, గట్టిగా అరిచాను.

"తిరిగిందత్తా! నా చేతికి తెలిసింది!"

"తెలుస్తుంది మరి. కప్పు పగిలితే పగిలింది, నువ్వు అరవకురా!"

తల కిందికే ఉందని మర్నాడు డాక్టరమ్మా చెప్పింది. ఆపరేషన్ లేకుండానే ఆడపిల్ల పుట్టింది. దానికీ కితకితలే.

పోయిన వానాకాలం అత్త కన్నుమూసింది. ఆ చిక్కుళ్ల గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు గర్భిణులు మా ఇంటికే వస్తున్నారు. కితకితలు ఉన్నా లేకపోయినా, నిదెల్వియా ముందు వాళ్ల చేతులు పొట్ట మీద పెట్టించి, పైన తన చేతులు వేస్తుంది.

"మీ అత్త నేరుగా పట్టేదిగా?" అని అడుగుతారు.

"నాకు ఇలాగే వచ్చు" అంటుంది.