తెగకుండా వచ్చిన పాట

హిందీ మాట్లాడే తిఫ్రా పేటలో ప్రసూన తన వీడియో మిక్సింగ్ షాపు మూసేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ టైర్ల కొట్టు పెట్టారు. పాత హార్డ్ డిస్కులు మాత్రం ఇంట్లో అటక మీద ఉన్నాయి.

మొన్న రైల్వే కాలనీ నుంచి కనకమ్మగారు వచ్చారు. "మనవరాలి పెళ్ళి పెట్టుకున్నాం ప్రసూనా. మా పెద్దదాని పెళ్ళిలో నేను హారతి పాట పాడినాను గదా, మా అత్త నేర్పిందది. సగం చరణాలు మర్సిపోయేను. అప్పుడు నువ్వు చేసిచ్చిన కేసెట్టుకి బూజు పట్టీసింది. నీ దగ్గర ఏటైనా ఉందా?"

ప్రసూన డిస్కు దించి తగిలించింది. తిరిగింది గానీ ఫైళ్ళ పేర్లేవీ కనపడలేదు. ఏ ఫైలు ఎక్కడుందో డిస్కు రాసుకునే భాగం చెడిపోయింది. పోయినవి వెతికే సాఫ్ట్‌వేర్ ఫైలు మొదలు పట్టుకుని తిన్నగా చదువుకుంటూ పోతుంది. ఫైలంతా ఒకేచోట వరసగా ఉంటే దక్కుతుంది, ముక్కలై చెదిరిపోతే లేదు.

అది వెతుకుతున్నంతసేపూ ప్రసూన మనసంతా షాపులోనే ఉంది. అప్పట్లో కంప్యూటరు ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ ముక్క పెట్టేసేది. పాతవి చెరిపితే మధ్యమధ్య చిన్న ఖాళీలు మిగిలేవి; కొత్త పెళ్ళి వాటిలోకి ముక్కలుగా వెళ్ళేది. డిస్కు లోపలి ముల్లు అటూ ఇటూ పరిగెత్తలేక వీడియోలో బొమ్మలు జారిపోయేవి. అందుకే ప్రతి పెళ్ళికి ముందూ డీఫ్రాగ్ పెట్టేది. ముక్కలన్నీ ఒక పక్కకు చేరి, రెండో పక్క పెద్ద ఖాళీ తయారయ్యేది. స్క్రీన్ మీద రంగు గళ్ళు జరుగుతుంటే, రైల్వే గార్డుగా రిటైరైన నాన్న సన్యాసిరావు టీ గ్లాసుతో వచ్చి కూర్చునేవాడు.

"ఏటే, ఇంకా సర్దుతున్నాదా?"

"కదపకు నాన్నా, అవుతోంది."

ఇద్దరూ ఆ గళ్ళనే చూస్తూండేవాళ్ళు. ఇప్పుడా బాధ లేదు, సిస్టమే సరిపడా చోటు ముందు చూసుకుని వేస్తుంది. నాన్న పోయాక అలా కలిసి కూర్చోవడమూ లేదు.

సాయంత్రానికి పెళ్ళి దొరికింది. హారతి పాట మొదటి నుంచి చివరిదాకా తెగకుండా వచ్చింది. కనకమ్మగారు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండుసార్లు విన్నారు.

"అచ్ఛా, ఆ చరణం ఇదా! ఈ గొంతు నాదేనా?"

ఆవిడ వెళ్ళాక ప్రసూన తన ఇంటివి వెతికింది. డీఫ్రాగ్ బయటివాళ్ళ పెళ్ళిళ్ళకే. ఇంటి వీడియోలు మిగిలిన సందుల్లోకి తోసేసేది. ఒక్కటే దొరికింది. నాన్న ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, ఏదో చెప్పబోతూ నవ్వాడు. అంతలో ఆ ముక్క తెగి, డిస్కులో దాని పక్కనే ఉన్న ఎవరిదో బరాత్ ఊరేగింపు, బ్యాండు మేళం, గుర్రం మీద పెళ్ళికొడుకు.

ప్రసూనకు నవ్వొచ్చింది, కళ్ళూ తడిశాయి. ఆ ముక్కను బరాత్‌తో సహా కొత్త డిస్కులో దాచుకుంది.