మగ్గం గుంతలో సాలెపురుగులు

పక్కింటివాళ్లు దోమలకు వేపాకు పొగ వేసినప్పుడల్లా, ఆ చేదువాసనకు నాకు ప్రొద్దుటూరు దగ్గర మా ఊళ్లోని ఇల్లు, అందులో మగ్గం గది గుర్తొస్తాయి.

అప్పుడు నేను చాలా చిన్నదాన్ని. నాయన దగ్గుతో మంచం పట్టాడు. ఎండాకాలమంతా నేత నిలిచిపోయింది. నాయన కాళ్లు పెట్టుకుని నేసే గుంత నిండా సాలెపురుగులు చేరాయి. వాటి విషం వల్లే ఆయనకు జబ్బు చేసిందని నేను గట్టిగా నమ్మాను.

ఒక పొద్దున అమ్మ గుంతలో వేపాకు పొగ వేసింది. పురుగులు పైకి పాకుతుంటే పొరకతో బయటికి ఊడ్చేసింది. దారాల మీద అల్లుకున్న గూళ్లను వేళ్లతో మెల్లగా తీసింది.

“ఇంగ నాయన లేసి నేస్తాడా అమ్మా?” అని అడిగాను.

అమ్మ కొంగు నడుముకు చుట్టి తానే గుంతలోకి దిగింది. మా ఇంట్లో ఆడవాళ్లు కండెలకు నూలు చుట్టేవాళ్లే గాని, మగ్గం మీద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మగ్గం చప్పుడు వినగానే నాయన గోడవైపు తిరిగాడు. నాకు భయమేసి మంచంకోడు పట్టుకుని నిలబడ్డాను. అంతలో దారం తెగింది. అమ్మ ముడేసి మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ తెగింది.

“శానా గట్టిగా కొడతాండావు. పోగు తట్టుకోదు” అన్నాడు నాయన, ఇటు తిరక్కుండానే.

“ఇట్లనా?” అంది అమ్మ.

“ఇంకా మెల్లగా.”

అమ్మను తిడుతున్నాడని నాకు ఆయన మీద కోపం వచ్చింది. తన చోటు ఆమెకు అప్పగిస్తున్నాడనీ, అది ఆయనకెంత కష్టమైందో, నేను సంసారంలో పడ్డాక గాని అర్థం కాలేదు.