చి.ల.సౌ. సుజాత దొరికింది!

ఈ రోజు భలే జరిగింది! బాన్సువాడలోని మా డీటీపీ సెంటర్‌లో పెళ్లి కార్డు వేయించుకోవడానికి నస్రుల్లాబాద్ నుంచి లత అనే అమ్మాయి వచ్చింది.

"అన్నా, నా దోస్తు సుజాతను పిట్లంకు ఇచ్చిండ్రు. అడ్రసు లేదు. గామె కార్డు గూడ ఈడనే కొట్టిచ్చిండ్రు, జర చూడవా?" అంది.

కంప్యూటర్‌లోని పాత కార్డుల ఫైళ్లన్నింటిలో 'సుజాత' అని వెతికితే ప్రతి కార్డులోనూ ఒక సుజాత అత్తయ్యే! అప్పుడు తట్టింది, చి.ల.సౌ. పెళ్లికూతురికే పెడతాం కదా! 'చి.ల.సౌ. సుజాత', మధ్యలో ఏమున్నా సరేనని నక్షత్రం గుర్తు, చివర 'పిట్లం' కొట్టాను. ఒక్క కార్డే వచ్చింది, వరుడి ఇంటి ఫోన్ నంబరుతో సహా!

లత ఫోన్ చేసి తన పెళ్లని చెప్పగానే అవతల నుంచి సుజాత ఒకటే అరుపు: "గోరింటాకు నేనే పెడ్తనే!"

పాత ఫైళ్లు తీసేయమని రోజూ పోరే మా ఆవిడే "ఇగ ఒక్కటి గూడ తీయకు" అంది, కళ్లు తుడుచుకుంటూ.

మీ దోస్తులెవరైనా తప్పిపోయారా? వాళ్ల కార్డు మా దగ్గర కొట్టించి ఉంటే చాలు, చెప్పండి!