కల్లంలో పోయిన బొడ్డు

మా ఊళ్ళో ఎవరిని కదిపినా తాతముత్తాతల నుంచీ ఇక్కడే ఉన్నామంటారు. నమ్మకండి. మాకింత పేరు తెచ్చిన మిరపకాయే ఓడెక్కి వచ్చిందట, ఇక మనుషులెంత! పత్తి తీతకు పొదిలి వైపు వాళ్ళు, తర్వాత మిరప కోతలకు ఆదోని వైపు వాళ్ళు, ఇప్పుడు పత్తి జిన్నింగు మిల్లులకు ఒడిశా వాళ్ళు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే మా వంటల్నీ మాటల్నీ కోపాల్నీ కొంచెం కొంచెం మార్చేశారు. దాన్నంతా కలిపి మా ఊరి తీరు అని గొప్పలు చెప్పుకుంటాం.

మా నాయనమ్మయితే మరీను. కరువుకు పొదిలి వైపు నుంచి వచ్చిన పిల్ల అని ఊరంతటికీ తెలుసు. ఆవిడ మాత్రం ఎవరడిగినా "మాది ఈ ఊరే" అని మాట తుంచేసేది.

కొన్నేళ్ళ కిందట ఆదోని వైపు నుంచి కోతలకు వచ్చినవాళ్ళు మిరపకాయలు ఆరబోసే మా కల్లం పక్కనే టార్పాలిన్ పట్టాలతో గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళలో ఒకామెకు సత్తెనపల్లి ఆసుపత్రిలో మగపిల్లాడు పుట్టాడు. ఆ ఎండల్లో కల్లం కలలో చూసినట్టుండేది. నేల కనపడనంత ఎరుపు, దాని మీద వణికే గాలి, చీర ఉయ్యాలలో పసివాడు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ముందు ఆ ఎరుపే వస్తుంది.

పిల్లవాడి బొడ్డు ఊడగానే ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. సొంతింటి గడప కింద పాతాలట. అలా పాతితే ఎక్కడ తిరిగినా వాడు ఆ ఊరివాడే అవుతాడని వాళ్ళ నమ్మకం. ఎవరు వద్దన్నా వినకుండా రంగు పోయిన తాలుకాయలు ఏరడానికి కూర్చుంది. మధ్యాహ్నం చూసుకుంటే ముడి ఊడిపోయి ఉంది.

ఎండిన బొడ్డుకూ మిరప తొడిమకూ తేడా ఏముంది? అందరం వంగి వెతికాం. ఒకటే తుమ్ములు, కన్నీళ్ళు. నాన్న కాయలెత్తే లారీని సాయంత్రం దాకా ఆపాడు. దొరకలేదు. కాయలు టిక్కీ బస్తాలకెక్కి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళిపోయాయి.

ఖాళీ కల్లంలో ఆమె కూలబడింది. "నా కొడుక్కి ఊరు లేకుండా పాయనే అవ్వా!"

"ఏడవబాకే పిచ్చిదానా," అంది నాయనమ్మ. "ఇక్కడే పోయింది గదా, వాడిక మా ఊరోడే. ఒక్కడు ఎక్కువైతే ఊరికేమన్నా బరువా?"

మా నాయనమ్మ అంత మాటన్నందుకు నాకు గర్వమేసింది. పసివాడి తల్లి మాత్రం తల అడ్డంగా ఊపింది.

"లేదవ్వా. మీ ఊరు మంచిదే, కూడు పెట్టింది. కానీ వానికి వాని ఊరుండాల."

కాయలు పోసిన చోట వేళ్ళతో గీకి, దోసెడు మట్టి తీసి గుడ్డలో మూట కట్టింది. "దీంట్లో యాడో ఉంటాది. దీన్నే పాతుతా."

నాయనమ్మ ఆ మూటనే చూస్తూ నిలబడింది. తర్వాత ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. "మేమొచ్చేటప్పుడు మట్టిబెడ్డన్నా తెచ్చుకోలేదే," అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఏడుస్తూనే తన ఊరి పేరు చెప్పింది. నాన్న అంతవరకూ ఆ పేరు విననే లేదు.

"ఇక్కడికి ఎంత దూరమమ్మా?" అని అడిగాడు.

"ఏమోరా," అంది నాయనమ్మ. "నడిచొచ్చాం."